షెడ్డు చేతులు మారితే సాంచాలు ఎక్కడికి పోవాలి?



ఈ నెల సంపాదకీయం గోదాముల గురించి. విసుక్కోకండి. గోదాములు, షెడ్లు, లీజులు అంటే సేఠ్‌లకూ బ్రోకర్లకూ సంబంధించిన సంగతి, మనకెందుకులే అనుకునేవాళ్ళే మనలో ఎక్కువ. భివండీలోని కామత్‌ఘర్‌లో ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళేదాకా మేమూ అలాగే అనుకున్నాం.

ఆ ఇంటి ముందు గల్లీలో టెంపో ఆగి ఉంది. విప్పేసిన సాంచాల ఇనుప చట్రాలను పాత సామాను కొనేవాళ్ళు తూకం వేసి ఎక్కిస్తున్నారు. ఆ కుటుంబం 24 ఏళ్ళుగా ఒకే అద్దె షెడ్డులో 12 సాంచాలు నడిపింది. షెడ్డు యజమాని దాన్ని అమ్మేశాడు. కొన్నవాడు దాన్ని గోదాముగా మార్చుకుంటాడట. ఇంటి పెద్దావిడను అడిగితే ఒకే మాట చెప్పింది: "పదిహేను దినాల్ల ఖాళీ చెయ్యమన్నరు బిడ్డా. కాయితం మీద దస్కతు మేమే పెట్టినం గదా, ఇగ ఏమంటం?"

ఆ కాగితం చూపించమని అడిగాం. ప్లాస్టిక్ సంచిలో, రేషన్ కార్డు పక్కన భద్రంగా దాచుకున్నారు. పైన పెద్ద అక్షరాలతో లీవ్ అండ్ లైసెన్స్ అని ఉంది. గడువు 11 నెలలు. కింద నోటరీ ముద్ర ఉంది కానీ సబ్ రిజిస్ట్రార్ ముద్ర లేదు. అలాంటివి ఆ సంచిలో ఇంకా చాలా ఉన్నాయి, ప్రతి 11 నెలలకూ ఒకటి. కొన్ని సంవత్సరాలకు అసలు లేవు. ఫొటోకాపీలు తీసుకొచ్చి మా సంఘంలోని వకీలు సహోదరుడికి చూపించాం. ఆయన చదివి కాసేపు ఊరుకుని, "వీళ్ళు ఖాళీ చేశారా?" అని అడిగారు. చేశారన్నాం. "అయ్యో, చేయకుండా ఉండాల్సింది" అన్నారు.

ఆయన అలా ఎందుకన్నారో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. భివండీ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి సాంచాలే. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి తరాల కిందట వచ్చిన పద్మశాలీలు, వాళ్ళ వెనుకే వచ్చిన మిగతా కులాల కార్మికులు పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో స్థిరపడ్డారు. (ముంబయిలో కామాఠీపురా పేరు కూడా తెలుగు దేశం నుంచి వెళ్ళిన కామాఠీ కూలీల వల్ల వచ్చిందే. ఆ నగరపు గోడల్లో మనవాళ్ళ చెమట ఎంత ఉందో మనమే మరిచిపోయాం.) ఇప్పుడు భివండీ పేరు దేశమంతా వినిపిస్తున్నది మాత్రం బట్ట వల్ల కాదు, గోదాముల వల్ల.

దీనికి మొదటి కారణం ఆక్ట్రాయ్. ముంబయి నగరపాలక సంస్థ హద్దు దాటి లోపలికొచ్చే సరుకు మీద ఆ పన్ను కట్టాలి. అమ్ముడుపోయేదాకా సరుకును హద్దుకు బయటే దాచుకుంటే పన్ను కట్టడం వాయిదా పడుతుంది. నగరంలోకి రాకుండా వేరే ఊళ్ళకు పోయే సరుకుకైతే అసలు కట్టే పనే లేదు. అలా ముంబయి నాసిక్ హైవేకు అటూ ఇటూ ఉన్న పూర్ణా, కాల్హేర్, రాహనాల్, మాన్‌కోలి లాంటి గ్రామాల వరి పొలాల్లో రేకుల షెడ్లు లేచాయి. గ్రామ పంచాయతీ ఇచ్చే ఒక చీటీయే అనుమతిగా చలామణీ అయింది. 2007లో ఎంఎంఆర్‌డీఏను అక్కడి 60 గ్రామాలకు ప్రణాళికా సంస్థగా పెట్టేసరికి అనుమతి లేని గోదాములు లెక్కకు మించిపోయాయి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, ఆక్ట్రాయ్ పోయింది. ఇక భివండీ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. అంతకుముందు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది కాబట్టి కంపెనీలు ప్రతి రాష్ట్రంలోనూ ఒక చిన్న గోదాము పెట్టుకునేవి. ఆ అవసరం తీరిపోయాక చిన్నవి మూసి, నాలుగైదు రాష్ట్రాలకు కలిపి ఒక పెద్దది పెట్టుకోవడం మొదలుపెట్టాయి. అదే ఏడాది నవంబరులో కేంద్రం సరుకు రవాణా, నిల్వ రంగానికి మౌలిక సదుపాయాల హోదా ఇచ్చింది. అప్పులు సులువయ్యాయి. ఫోన్‌లో నొక్కితే ఇంటికి సరుకు తెచ్చే వ్యాపారం దానికి తోడైంది. ఇప్పుడు కొత్తగా కట్టే గోదాముల ఎత్తు 12 మీటర్లు. చదరపు మీటరుకు 5 టన్నుల బరువు మోసే నేల, పైకప్పు నుంచి నీళ్ళు చిమ్మే మంటల నివారణ గొట్టాలు కావాలంటున్నారు.

పెద్ద కంపెనీలు హైవే పక్కకు పోతే చిన్న వ్యాపారులు ఊళ్ళో పాత షెడ్లు వెతుక్కుంటున్నారు. షెడ్డు యజమాని వైపు నుంచి కూడా చూడాలి. సాంచాలకు అద్దెకిస్తే పగలూ రాత్రీ మోత, గోడలు అదురుతాయి, బట్టకు గిరాకీ పడిపోయిన నెలల్లో అద్దె ఆగిపోతుంది. గోదాముకు ఇస్తే సరుకు పెట్టి తాళం వేసుకుని పోతారు. నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి. అమ్మేస్తే ఒకేసారి చేతికొస్తుంది. అతను అమ్ముకోవడం నేరం కాదు. అమ్మేటప్పుడు లోపల ఉన్నవాళ్ళను ఎలా పంపాడన్నదే మా ప్రశ్న.

ఇక కాగితం సంగతి.

లీజు అంటే ఆస్తిలో ఒక హక్కు అద్దెదారుకు బదిలీ కావడం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దాన్ని అలాగే చూస్తుంది. యజమాని ఆస్తిని ఇంకొకరికి అమ్మినా ఆ లీజు చెరిగిపోదు. కొన్నవాడు పాత యజమాని స్థానంలోకి వస్తాడు. హక్కులతో పాటు బాధ్యతలూ అతని మీద పడతాయి (109వ సెక్షన్). లైసెన్స్ అంటే అది కాదు, ఉండనిచ్చిన అనుమతి మాత్రమే. బంధువుల ఇంట్లో చుట్టంగా ఉన్నట్టు. అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్స్ చట్టం 59వ సెక్షన్ ప్రకారం, అనుమతి ఇచ్చినవాడు ఆస్తి అమ్మేస్తే కొన్నవాడు ఆ అనుమతికి కట్టుబడనక్కర్లేదు. ఒక్క మాట తేడాతో 24 ఏళ్ళ బతుకు చుట్టరికం అయిపోయింది.

మరి అందరూ లైసెన్స్ మీదే ఎందుకు రాస్తున్నారు? డబ్బు ఒక కారణం. మహారాష్ట్రలో 60 నెలల లోపు లీవ్ అండ్ లైసెన్స్‌కు స్టాంపు సుంకం మొత్తం అద్దె మీద 0.25 శాతమే. దానికి అడ్వాన్సు మీద లెక్కగట్టిన వడ్డీ కూడా కలుపుతారు. అయినా చాలా తక్కువే. అదే లీజుగా రాస్తే ఆస్తి మార్కెట్ విలువలో కొంత భాగాన్ని లెక్కలోకి తీసుకుంటారు. కాలం పెరిగేకొద్దీ ఆ భాగం పెరుగుతుంది. 29 ఏళ్ళు దాటిన లీజుకైతే విలువలో 90 శాతం మీద సుంకం పడుతుంది. ఇక 11 నెలల ఆచారం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నుంచి వచ్చింది. ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి కాబట్టి ఒక నెల తగ్గించి రాసుకోవడం దేశమంతటా అలవాటైంది. అసలు కారణం మాత్రం ఖాళీ చేయించడం సులువని యజమానులు అనుకోవడమే.

అనుకున్నంత సులువు కాదు. వకీలు సహోదరుడు "అయ్యో" అన్నది ఇందుకే. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం వర్తించే పట్టణాల్లో, లీవ్ అండ్ లైసెన్స్ అయినా సరే, కాగితం రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టరు కావాలి. 11 నెలలదైనా మినహాయింపు లేదు. చేయించే బాధ్యత యజమానిది. చేయించకపోతే 3 నెలల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. ఇక అన్నిటికంటే పెద్ద మాట: రిజిస్టరు అయిన కాగితం లేనప్పుడు, ఏ షరతుల మీద ఇచ్చారన్న విషయంలో అద్దెదారు చెప్పిన మాటే నిలుస్తుంది. కాదని నిరూపించుకోవలసింది అవతలివాళ్ళు. 55వ సెక్షన్ ఇది. దీన్ని కాగితం మీద రాసి ఇంటి గోడకు అంటించుకోండని మా పాఠకులను అడుగుతున్నాం.

పైగా కాగితం మీద లైసెన్స్ అని పేరు పెట్టినంత మాత్రాన అది లైసెన్స్ అయిపోదు. లోపల ఉన్నవాడి చేతిలో తాళంచెవి ఉందా, ఆ స్థలం పూర్తిగా అతని ఆధీనంలో ఉందా, ఇద్దరి ఉద్దేశం ఏమిటి అన్నది కోర్టు చూస్తుంది. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. 24 ఏళ్ళు సాంచాలు బిగించి, తామే తాళం వేసుకుని, నెలనెలా అద్దె కట్టిన కుటుంబం కోర్టుకు వెళ్ళి ఉంటే చెప్పుకోవడానికి చాలా ఉండేది. అద్దెదారుగా తేలితే ఆ చట్టంలో చెప్పిన కారణాలు ఉంటే తప్ప ఖాళీ చేయించడానికి వీల్లేదు. అమ్ముకున్నాను అన్నది వాటిలో లేదు. ఇవేవీ తెలియక వాళ్ళు తాళంచెవులు తమ చేతులతోనే ఇచ్చేశారు. బలవంతంగా వెళ్ళగొడితే 6 నెలల లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందే వీలు ప్రత్యేక ఉపశమన చట్టంలో ఉంది. కానీ స్వయంగా ఇచ్చేసిన తాళంచెవికి ఆ దావా పనికిరాదు.

మహారాష్ట్ర బయట ఉన్న మన పాఠకులకు ఒక మాట. ఏ రాష్ట్రమైనా, వేరే ఒప్పందం గానీ స్థానిక చట్టం గానీ లేనప్పుడు, తయారీ పనికి ఇచ్చిన లీజును ఏడాది లీజుగా భావించాలనీ, ముగించాలంటే 6 నెలల నోటీసు ఇవ్వాలనీ ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. సాంచాలైనా, లేతు మెషిన్లైనా, అగర్‌బత్తీల పనైనా ఇదే. మిగతా అద్దెలకు 15 రోజులే. అయితే ఏడాది లీజుకు రిజిస్టరైన పత్రం ఉండాలి. అది లేకపోతే నెలవారీ అద్దెగానే చూసి 15 రోజుల నోటీసు చాలన్న తీర్పులున్నాయి. అంటే 6 నెలలకూ 15 రోజులకూ మధ్య అడ్డుగా ఉన్నది సబ్ రిజిస్ట్రార్ ముద్ర ఒక్కటే. తమిళనాడులో 2019 నుంచి అమల్లో ఉన్న కొత్త అద్దె చట్టం కింద ఒప్పందాన్ని అద్దె అధికారి దగ్గర నమోదు చేయించాలి. హోసూరులో షెడ్లు అద్దెకు తీసుకున్న మన కుర్రాళ్ళలో ఎంతమంది చేయించారో వాళ్ళనే అడుగుతున్నాం.

ఇప్పటిదాకా అద్దెకున్నవాళ్ళ పక్షాన మాట్లాడాం. మనలో షెడ్లూ స్థలాలూ ఉన్నవాళ్ళూ ఉన్నారు. తాతలు చెమటోడ్చి కొన్న నాలుగు గుంటలు ఇప్పుడు హైవే పక్కన పడ్డాయి. ఇంటికి బ్రోకర్లు వస్తున్నారు. వాళ్ళకూ మోసం జరుగుతోంది, అది ఇంకో రకం మోసం.

అమ్మాలా, లీజుకివ్వాలా అని మమ్మల్ని అడిగేవాళ్ళకు మా అభిప్రాయం చెప్పేస్తాం: అప్పుల వాళ్ళు గుమ్మంలో కూర్చుంటే తప్ప అమ్మకండి. అమ్మిన డబ్బు పెళ్ళిళ్ళలో, కారులో, ఫ్లాటు వాయిదాల్లో మూడేళ్ళలో కరిగిపోయిన ఇళ్ళు మేము చూశాం. నెలనెలా వచ్చే అద్దె తరువాతి తరానికి కూడా అన్నం పెడుతుంది. కానీ లీజుకిచ్చేటప్పుడు అద్దె ఎంత అన్న ఒక్క అంకె చూసి సంతకం పెట్టకండి.

గోదాము లీజుల్లో సాధారణంగా మొదటి 3 ఏళ్ళు కదలకూడదన్న షరతు పెడతారు. లాకిన్ అంటారు. అది ఇద్దరికీ ఉందా, యజమానికి మాత్రమేనా చూసుకోవాలి. యజమాని కదలకూడదు, కంపెనీ మాత్రం ఎప్పుడైనా లేచిపోవచ్చు అన్న కాగితాలు మా కంటపడ్డాయి. అద్దె పెంపు సంగతి ఇంకొకటి. ఏటా 5 శాతమా, మూడేళ్ళకొకసారి 15 శాతమా అంటే రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. 5,000 చదరపు అడుగుల షెడ్డు, అడుగుకు నెలకు 20 రూపాయలు అనుకుని లెక్క వేయండి. మూడేళ్ళకొకసారి అయితే ఆ మూడేళ్ళూ 20 రూపాయలే. ఏటా అయితే రెండో ఏడు 21, మూడో ఏడు 22 రూపాయల 5 పైసలు. మూడేళ్ళలో తేడా 1,83,000 రూపాయలు. ఒక ఆడపిల్ల నర్సింగు చదువుకు చాలావరకు సరిపోయే డబ్బు. అడుగులు కొలిచేది ఎక్కడి నుంచి ఎక్కడికో కూడా కాగితంలో రాయించుకోవాలి. గోడ లోపలా, బయటా, లారీ ఆగే అరుగుతో కలిపా అన్నది రాయకపోతే తర్వాత తగువే. ఖాళీ చేసేటప్పుడు నేలను, రేకులను ఏ స్థితిలో అప్పగించాలో కూడా అంతే. జీఎస్టీ అంటే భయపడి నగదు అద్దెకు ఒప్పుకునే పెద్దవాళ్ళున్నారు. మీకు జీఎస్టీ నమోదు లేకపోయినా అద్దెదారుకు ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ 18 శాతం పన్నును నేరుగా ప్రభుత్వానికి కట్టే బాధ్యత అద్దెదారుదే. నగదు అద్దెకు సాక్ష్యం ఉండదు. రేపు బ్యాంకులో అప్పు అడిగినా అది అక్కరకు రాదు.

అమ్మకం అని బ్రోకరు చెప్పేది ఒక్కోసారి అమ్మకమే కాదు. ఎంఐడీసీ ప్లాటు 95 ఏళ్ళ లీజు. తమిళనాడు సిప్కాట్‌ది 99 ఏళ్ళు. భూమి కార్పొరేషన్‌దే. కొన్నానని మనవాడు అనుకునేది మిగిలిన ఏళ్ళ హక్కును మాత్రమే, అదీ కార్పొరేషన్ అనుమతితో, రుసుము కట్టి. ఎన్నేళ్ళు మిగిలాయో అడగకుండా ధర మాట్లాడటం ఎందుకో మాకు అర్థం కాదు.

కట్టడానికి అనుమతి ఉందో లేదో అన్నది అన్నిటికంటే ముందు చూడాలి. ఇది ధరకు సంబంధించినదే కాదు, ప్రాణాలకు సంబంధించినది. 2023 ఏప్రిల్ 29న మాన్‌కోలి దగ్గర వల్పాడలో ఒక మూడంతస్తుల కట్టడం కుప్పకూలింది. కింద గోదాము, పైన కార్మికుల కుటుంబాలు. 8 మంది చనిపోయారు. సరుకు కింద, మనుషులు పైన అన్న ఏర్పాటు ఆ ఒక్క చోటే లేదు. పనికొచ్చేవాళ్ళకు దగ్గరలో గది దొరకదు, దొరికినా అద్దె భరించలేరు. యజమానికి పైన ఇంకో అంతస్తు వేస్తే ఇంకో అద్దె. సరుకు బరువును లెక్కగట్టి కట్టిన గోడలు కావవి. కింద ఏం నిల్వ చేస్తున్నారో, రసాయనాలా, ప్లాస్టిక్కా, పైన నిద్రపోయే పిల్లలకు తెలియదు. అనుమతి లేని కట్టడానికి అగ్నిమాపక శాఖ పత్రం రాదు, బీమా ఉన్నా ప్రమాదం జరిగిన రోజు పరిహారం దగ్గర పేచీ వస్తుంది. అలాంటి చోట కుటుంబాలను అద్దెకు పెట్టిన మన తెలుగు యజమానులకు చెబుతున్నాం: ముందు వాళ్ళకు వేరే చోటు చూపించండి, అద్దె సంగతి తర్వాత.

గోదాము బేరం జరిగేటప్పుడు యజమాని ఉంటాడు, అద్దెకు వచ్చే కంపెనీ మనిషి ఉంటాడు, ఇద్దరి దగ్గరా కమీషను తీసుకునే బ్రోకరు ఉంటాడు. రేపు అక్కడ మూటలు మోయవలసినవాడు ఉండడు. అతని మాట ఆ లీజులోకి రావాలంటే యజమాని రాయించాలి. రాయించవచ్చు. మహారాష్ట్రలో 1969 నుంచి మథాడీ చట్టం ఉంది. మూటలు మోసే హమాలీలు బోర్డులో నమోదవుతారు. పని ఇచ్చేవాడు కూలితో పాటు లెవీ కూడా బోర్డుకే కట్టాలి. దానిలోంచి భవిష్యనిధి, సెలవు జీతం లాంటివి వస్తాయి. నమోదు చేయించకుండా కాంట్రాక్టరు చేతిలో పెట్టి నడిపే గోదాములు మన కళ్ళముందే ఉన్నాయి. "ఈ స్థలంలో పనిచేసే హమాలీలను బోర్డులో నమోదు చేయించాలి, తాగునీరు, ఆడవాళ్ళకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలి, రాత్రి షిఫ్టులో బయటి నుంచి తాళం వేయకూడదు" అని లీజులో నాలుగు వాక్యాలు రాస్తే యజమానికి ఖర్చు ఒక కాగితం మాత్రమే. అద్దెదారు ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోవడంలేదో యజమాని ఆలోచించుకోవాలి.

లూకా సువార్తలో ఒక ధనవంతుడు పంట ఎక్కువై, పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకుంటాడు. ఆ ఉపమానం మీద ప్రసంగాలు చాలా విన్నాం, అన్నీ ఆ మనిషి ఆత్మ గురించే. ఆ కొట్లలోకి ధాన్యం మోసినవాళ్ళ గురించి అతను ఒక్క మాటైనా అనుకోడన్న సంగతి మాత్రం కామత్‌ఘర్ నుంచి తిరిగొచ్చే లోకల్ రైల్లో మాకు తట్టింది.

షెడ్డు కింద ఉన్న నేల సంగతి కూడా అడగాలి. ఠాణే జిల్లాలో వార్లీ, కాత్కరీ గిరిజనుల భూములున్నాయి. మహారాష్ట్ర భూమి రెవెన్యూ కోడ్ 36ఎ సెక్షన్ కింద గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మకమే కాదు, లీజు కూడా అనుమతి లేకుండా చెల్లదు. మనకు తెలిసిన 1/70 చట్టం లాంటిదే. పేపరు మీద ఇంకొకరి పేరు పెట్టి నడిపిద్దాం అని బ్రోకరు అంటే అక్కడితో మాట ఆపేయాలి. మన్యంలో ఆ పని చేసినవాళ్ళను మన పత్రిక ఎన్నోసార్లు తప్పుపట్టింది. వలస వచ్చిన ఊళ్ళో మనమే చేస్తే ఏ ముఖం పెట్టుకుని రాస్తాం?

ఇక మన ఇంటి సంగతి. ఇది రాయాలా వద్దా అని మా సంపాదకవర్గంలో తర్జనభర్జన జరిగింది. రాయాలనే తేలింది. మాకు తెలిసిన ఒక సంఘం, పేరు చెప్పం, పాఠశాల మూతపడిన పాత ఆవరణను గోదాముకు ఇచ్చింది. ఎన్నేళ్ళకు, ఎంతకు, కాగితం ఎవరి దగ్గరుంది అని వార్షిక సభలో ఒక యవ్వనస్థురాలు లేచి అడిగితే, "ముందు ప్రార్థన చేసుకుందాం" అన్నారు. ప్రార్థన తర్వాత సభ ముగిసింది. మహారాష్ట్రలో ట్రస్టుగా నమోదైన సంఘాల ఆస్తి విషయంలో 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం 36వ సెక్షన్ స్పష్టంగా ఉంది: అమ్మకానికీ, 3 ఏళ్ళు దాటిన లీజుకూ చారిటీ కమిషనర్ ముందస్తు అనుమతి ఉండాలి. వ్యవసాయ భూమికైతే ఆ గడువు 10 ఏళ్ళు. అనుమతి లేని అమ్మకం, లీజు చెల్లవు. కాబట్టి ఆ చెల్లెమ్మ అడిగినది పెద్దల మీద తిరుగుబాటు కాదు. చట్టం ప్రతి సంఘ సభ్యుడూ అడగాలని ఎదురుచూసే ప్రశ్నే. ఆమెకు ఆ సభలో తోడుగా ఇంకో ముగ్గురు లేచి ఉంటే ప్రార్థన కొంచెం ఆలస్యంగా జరిగేది, అంతే.

ఆవరణ గోదాముకు ఇవ్వడం తప్పని మేము అనడంలేదు. పాడుబడిన గదులకు అద్దె వస్తే పిల్లల ఫీజులకు పనికొస్తుంది. ఆ అద్దె ఏ ఖాతాలో పడుతోంది, కాగితం రిజిస్టరు అయిందా, అక్కడ పనిచేసే హమాలీల పేర్లు బోర్డులో ఉన్నాయా అన్నవి ఆదివారం ప్రకటనల్లో చదివితే చాలు.

మా పాఠకులకు ఒక ప్రతిపాదన. అద్దె షెడ్డులో పని నడుపుతున్నవాళ్ళు, షెడ్డు అద్దెకు ఇచ్చినవాళ్ళు మీ కాగితం ఫొటోకాపీ మా సంఘానికి తీసుకురండి. ప్రతి నెల రెండో శనివారం వకీలు సహోదరుడు ఉచితంగా చదివి, తెలుగులో చెబుతారు. ఎందుకంటే ఆ ప్లాస్టిక్ సంచిలోని కాగితాలన్నీ మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి. 24 ఏళ్ళలో ఎవరూ వాటిని ఆ పెద్దావిడకు చదివి వినిపించలేదు. చదువుకున్న మన యవ్వనస్థులు చేయగలిగిన పని ఇది. ఇంటికి వెళ్ళి ముందు మీ అమ్మానాన్నల దగ్గరున్న కాగితం బయటికి తీయించండి.

ఆ కుటుంబం 12 సాంచాల్లో 8 తూకానికి అమ్మింది. మిగిలిన 4 ఆవిడ మరిది షెడ్డులో బిగించారు. సొంత మరిదే కదా, కాగితం ఎందుకు అని ఆయన నొచ్చుకున్నారట. అయినా రాయించారు. మూడేళ్ళ లీజు, ఖాళీ చేయించాలంటే 6 నెలల ముందు నోటీసు, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్ట్రేషన్. సంతకం పెట్టే ముందు కొడుకు ఒక్కొక్క వాక్యం తెలుగులో చదివి చెబుతుంటే, ఆవిడ మధ్యలో రెండుసార్లు ఆపి, మళ్ళీ చదవమన్నారు.